మెడలో, చెంప కింద, ముక్కులో తగ్గని గడ్డ: పరీక్ష నుంచి ఆపరేషన్ దాకా ఏం చేయాలి

మెడలో కనిపించే ప్రతి గడ్డకీ కత్తి అక్కర్లేదు. జలుబు, గొంతునొప్పి, పుచ్చుపన్ను, తలలో కురుపులు, వీటివల్ల కట్టే బిళ్ళలు రెండు మూడు వారాల్లో వాటంతటవే కరుగుతాయి. కరగకుండా ఉండిపోయేవాటిలో మన దగ్గర టీబీ బిళ్ళలు ఎక్కువ, వాటికి మందులే వైద్యం. పొగాకు, గుట్కా, ఖైనీ అలవాటున్న నడివయసువాళ్ళలో క్యాన్సర్ అనుమానం ఎప్పుడూ ఉంచుకోవాలి. ఇవేవీ కాకుండా మిగిలే గడ్డలు కొన్ని ఉన్నాయి. తల్లి కడుపులో ఉన్నప్పుడు మూసుకుపోవాల్సిన గొట్టాలు మిగిలిపోయి తిత్తులు కావడం, లాలాజల గ్రంథిలో కంతి పుట్టడం, నరం తొడుగు మీదో రక్తనాళం పక్కనో కంతి పెరగడం, ఇలాంటివి. అరుదుగా వస్తాయి, నిదానంగా పెరుగుతాయి, చాలావరకు ప్రాణం మీదికి తేవు.

చిక్కంతా ఆ నిదానంలోనే ఉంది. నొప్పి లేదు కాబట్టి ఏళ్ళ తరబడి పట్టించుకోరు. పట్టించుకున్న రోజున "కొవ్వు గడ్డే, పది నిమిషాల్లో తీసేస్తాం" అనే మాట వింటారు, స్కాన్ కూడా లేకుండా మత్తు సూది వేయించుకుని బల్లెక్కుతారు. ఆ గడ్డ కింద ముఖాన్ని కదిలించే నరం ఉండొచ్చు, మెదడుకు రక్తం మోసే నాళం ఉండొచ్చు. ఇలాంటి గడ్డలకు మొదటిసారి చేసే ఆపరేషనే అసలు ఆపరేషన్. రెండోసారి తెరిచేసరికి లోపలంతా మచ్చకట్టి, ఏది నరమో ఏది పీచో పోల్చుకోవడం కష్టమవుతుంది. కింద రాసిన దానిలో ఎక్కువ భాగం కోతకు ముందు పనుల గురించే ఉండటానికి కారణం అదే.

ముందు ఇంట్లో చేయాల్సినవి

గడ్డ పక్కన చిన్న స్కేలు పెట్టి, వెలుతురులో, ముందు నుంచీ పక్క నుంచీ ఫోనులో ఫొటోలు తీయండి. నెలకోసారి అదే కోణంలో తీస్తే పెరుగుతోందో లేదో డాక్టరుకు మాటలకంటే బాగా తెలుస్తుంది. పాత పెళ్ళి ఫొటోలు కూడా తిరగేయండి. మూడేళ్ళ కిందటి ఫొటోలోనే చెవి కింద ఉబ్బు కనిపిస్తే ఆ సమాచారం చాలా విలువైనది.

ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: ఎప్పుడు మొదటిసారి చేతికి తగిలింది, భోజనం చేసేటప్పుడు ఉబ్బుతోందా, జలుబు చేసినప్పుడు పెద్దదై మళ్ళీ తగ్గుతోందా, గొంతు మారిందా, మింగేటప్పుడు అడ్డుపడుతోందా, చెవిలో గుండె చప్పుడులాంటిది వినిపిస్తోందా, ఒకే ముక్కు రంధ్రంలోంచి రక్తం పడుతోందా, ఇంట్లో ఇంకెవరికైనా మెడలో ఇలాంటి గడ్డ ఉందా. చివరి ప్రశ్న ఎందుకో కెరోటిడ్ గడ్డ (మెదడుకు రక్తం మోసే కెరోటిడ్ నాళం దగ్గర వచ్చేది) గురించి రాసిన చోట తెలుస్తుంది.

చేయకూడనివి: సున్నం-బెల్లం పట్టు వేయడం, ఆకు పసరు కట్టడం, వాత పెట్టించడం, రోజుకి పదిసార్లు పిసికి చూసుకోవడం. పట్టు వేస్తే చర్మం కాలుతుంది, కింది పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. సులువుగా ఊడొచ్చే తిత్తి, చర్మంతో సహా కోసి తీయాల్సిన తిత్తి అవుతుంది. మెడికల్ షాపులో అడిగి వారాల తరబడి యాంటీబయాటిక్ మింగడమూ అంతే. జ్వరం, ఎరుపు, నొప్పి లేని గడ్డకు యాంటీబయాటిక్ ఏమీ చేయదు, అసలు పరీక్ష ఆలస్యమవుతుంది.

పెద్దవాళ్ళలో రెండు వారాలు దాటిన గడ్డను చూపించుకోవాల్సిందే. రాయిలా గట్టిగా ఉన్నా, కదలకుండా అతుక్కుని ఉన్నా, ఒకటిన్నర సెంటీమీటరు దాటినా, నోట్లో మానని పుండు, బొంగురు గొంతు, బరువు తగ్గడం, ముఖం ఒక పక్కకు లాగడం తోడైనా వారం కూడా ఆగకండి. అవి క్యాన్సర్ అనుమానాన్ని పెంచే గుర్తులు.

ఎవరి దగ్గరికి, ఏం పట్టుకుని

మొదట చెవి-ముక్కు-గొంతు డాక్టరు. ముక్కు లోపలా, నాలుక మొదట్లో, స్వరపేటిక దగ్గరా సన్నటి ఎండోస్కోపు పెట్టి చూడగలిగేది వాళ్ళే. మెడలో గడ్డ ఉన్న పెద్దవాళ్ళకు ఈ చూపు తప్పనిసరి. అది లేకుండా మెడ గడ్డకు ఆపరేషన్ తేదీ ఇస్తే ఒప్పుకోకండి. విజయవాడ సూర్యారావుపేటలోనూ, గుంటూరు కొత్తపేటలోనూ స్కాన్ సెంటర్లు, ల్యాబులు, ఈఎన్‌టీ ఆసుపత్రులు పక్కపక్కనే ఉంటాయి. ఖర్చు భారమైతే గుంటూరు జీజీహెచ్, విజయవాడ ప్రభుత్వాసుపత్రి, రెండు ఊళ్ళకీ మధ్యలో మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. ఓపీ చీటీ ఉదయమే తీసుకోవాలి. ఆధార్, రైస్ కార్డు జిరాక్సులు ఫైల్లో ఉంచండి. ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకోదలిస్తే సొంతంగా డబ్బు కట్టకముందే ఆసుపత్రిలో పథకం కౌంటరు దగ్గర అడగండి, లేదా 104కి ఫోన్ చేయండి. అనుమతి ముందు వస్తుంది, ఆపరేషన్ తర్వాత జరుగుతుంది. కట్టేశాక వెనక్కి అడిగితే కుదరదు.

సీటీ, ఎమ్మారై తీయించుకుంటే రిపోర్టు కాగితం ఒక్కటే కాదు, సీడీ కూడా అడిగి తీసుకోండి. సర్జన్ చూడాల్సింది బొమ్మల్ని. రెండో అభిప్రాయానికి వెళ్ళినప్పుడు సీడీ లేకపోతే మళ్ళీ డబ్బు పెట్టి తీయించాల్సి వస్తుంది.

పరీక్షల వరుస

అల్ట్రాసౌండ్ మొదటిది. చవక, రేడియేషన్ ఉండదు. గడ్డ నీటి తిత్తా, గట్టి కంతా, లోపల రక్తప్రవాహం ఎంత, అది ఏ గ్రంథిలో ఉంది, థైరాయిడ్ దాని చోట ఉందా, ఇవన్నీ చెబుతుంది. చీటీ మీద "మెడ అల్ట్రాసౌండ్, డాప్లర్‌తో" అని రాయించుకోండి. డాప్లర్ లేకపోతే రక్తప్రవాహం సంగతి తేలదు.

తర్వాత సూది పరీక్ష, అంటే ఎఫ్ఎన్ఏసీ. 23 నుంచి 25 గేజ్ సన్నసూదితో కణాలు లాగి గాజుపలక మీద పరుస్తారు. సూది గుచ్చితే గడ్డ పాకిపోతుందనే భయం మనవాళ్ళలో ఎక్కువ. ఇంత సన్నసూదితో ఆ ప్రమాదం లెక్కలోకి రానంత తక్కువ. అల్ట్రాసౌండులో చూస్తూ గుచ్చితే ఫలితం మెరుగు. తిత్తి అయితే నీరు లాగేశాక మిగిలిన గోడలోంచి మళ్ళీ గుచ్చమనాలి. నీటిలో కణాలు తక్కువగా ఉండి "నిర్ధారణ కాలేదు" అని రిపోర్టు రావడం మామూలే. టీబీ అనుమానముంటే అదే నమూనాలో కొంత, టీబీ క్రిమిని పట్టే సీబీనాట్ పరీక్షకు పంపాలి. టీబీ తేలితే ఆరు నెలల మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది, కోత అవసరం సాధారణంగా రాదు. టీబీ బిళ్ళను కోస్తే రసికారే పుండై నెలల తరబడి మానదు.

రెండు సందర్భాల్లో మాత్రం సూదికీ ముక్క పరీక్షకీ తొందరపడకూడదు. మొదటిది, వేలు పెడితే నాడిలా కొట్టుకునే గడ్డ, లేదా డాప్లర్‌లో రక్తం నిండుగా కనిపించే గడ్డ. రెండోది, టీనేజీ కుర్రాడి ముక్కులో రక్తం కారే ఎర్రటి కండ. ఈ రెండింటికీ ముందు కాంట్రాస్ట్ స్కాన్ (నరంలోకి మందు ఎక్కించి రక్తనాళాలు స్పష్టంగా కనపడేలా తీసేది), ఆ తర్వాతే మిగతాది.

సీటీ ఎముకను బాగా చూపిస్తుంది, ఎమ్మారై మెత్తటి కండనూ నరాలనూ చూపిస్తుంది. కాంట్రాస్ట్ సీటీకి ముందు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూడాలి. షుగరుకు మెట్‌ఫార్మిన్ వాడుతున్నా, కిడ్నీ జబ్బున్నా, ముందెప్పుడైనా కాంట్రాస్ట్ ఇంజెక్షన్‌కు దద్దుర్లు వచ్చినా స్కాన్ టెక్నీషియన్‌కు ముందే చెప్పండి.

మెడ మధ్యలో గడ్డ

నాలుక బయటికి చాపినప్పుడు గడ్డ పైకి జరిగితే అది థైరోగ్లాసల్ సిస్ట్ అనుకోవాలి. థైరాయిడ్ గ్రంథి పిండదశలో నాలుక మొదట్లో పుట్టి మెడలోకి దిగుతుంది. దిగిన దారి మూసుకోకపోతే అక్కడ తిత్తి వస్తుంది. ఆ దారి హయాయిడ్ ఎముకను (గొంతు పైభాగంలో, గడ్డం కింద ఉండే చిన్న ఎముక) అంటిపెట్టుకుని వెళ్తుంది, గుర్తుంచుకోవాల్సింది ఇదే. తిత్తిని మాత్రం ఒలిచి తీసేస్తే ఎముక వెనక దారి మిగిలిపోయి, చాలామందిలో మళ్ళీ వస్తుంది. 1920లో సిస్ట్రంక్ అనే సర్జన్ రాసిన పద్ధతే నేటికీ సరైనది: తిత్తి, హయాయిడ్ ఎముక మధ్యభాగం, అక్కడి నుంచి నాలుక మొదలు దాకా కొంత కండ, అన్నీ ఒకే ముక్కగా తీయాలి. ఎముక మధ్యభాగం లేకపోయినా మింగడానికీ మాట్లాడటానికీ లోటు రాదు. సర్జన్‌ని సూటిగా అడగండి: "డాక్టరు గారూ, హయాయిడ్ మధ్యముక్క కూడా తీస్తారా?"

ఆపరేషన్‌కు ముందు ఇంకొకటి. అల్ట్రాసౌండులో థైరాయిడ్ దాని చోట ఉందని రాసి ఉండాలి. కొందరికి ఆ గడ్డే ఉన్న ఒక్క థైరాయిడ్. దాన్ని తీసేస్తే బిడ్డ జీవితాంతం మాత్రలు వాడాలి. తిత్తికి చీము పడితే కోసి వదిలేయించుకోకండి. సూదితో చీము లాగి, యాంటీబయాటిక్ ఇచ్చి, వాపు పూర్తిగా తగ్గాక కొన్ని వారాలు ఆగి అసలు ఆపరేషన్ చేయడం మంచి దారి.

మెడ పక్కన మెత్తటి తిత్తి

దవడ మూల కింద, మెడ పెద్ద కండరం ముందు అంచున, 20-40 ఏళ్ళ వయసులో, జలుబు తర్వాత ఉన్నట్టుండి ఉబ్బేది ఎక్కువగా బ్రాంకియల్ సిస్ట్. తీసేటప్పుడు దాని తోక రెండు కెరోటిడ్ శాఖల మధ్యగా టాన్సిల్ వైపు వెళ్తుందేమో చూసి, ఉంటే అక్కడిదాకా తీయాలి. ఇక్కడొక హెచ్చరిక. నలభై దాటినవాళ్ళలో ఇలాంటి తిత్తి కనిపిస్తే, కాదని రుజువయ్యేదాకా దాన్ని టాన్సిల్, నాలుక మొదలు లేదా థైరాయిడ్ క్యాన్సర్ పాకిన బిళ్ళగానే చూడాలి. గొంతు ఎండోస్కోపీ, థైరాయిడ్ అల్ట్రాసౌండ్, గోడ నుంచి సూది పరీక్ష, మూడూ అయ్యాకే కోత.

చిన్నపిల్లల్లో మెడ పక్కన టార్చి వేస్తే వెలుగు అవతలికి కనిపించే మెత్తటి ఉబ్బు సాధారణంగా లింఫ్ తిత్తి. పెద్ద గదులున్న తిత్తి అయితే లోపలికి బ్లియోమైసిన్ వంటి మందు ఎక్కించి ముడుచుకునేలా చేయొచ్చు, అన్నిటికీ కోత వద్దు. నాలుకనూ గొంతునూ ఒత్తేదైతే ఊపిరి సంగతి ముందు చూడాలి. నాలుక కింద మొదలై మెడలోకి జారిన లాలాజల తిత్తికైతే తిత్తిని ఎన్నిసార్లు తీసినా లాభం లేదు. నాలుక కింది గ్రంథిని తీస్తేనే ఊట ఆగుతుంది.

చెవి కింద, చెంప మీద గడ్డ

చెవి తమ్మె కింద గానీ దాని ముందు గానీ గడ్డ ఉంటే, కాదని తేలేదాకా అది పరోటిడ్ (చెవి ముందూ కిందా ఉండే పెద్ద లాలాజల గ్రంథి) గడ్డే. కొవ్వు గడ్డ అని పొరబడేది అన్నిటికంటే ఎక్కువగా ఇక్కడే. లాలాజల గ్రంథుల కంతుల్లో సుమారు 80 శాతం పరోటిడ్‌లో వస్తాయి, వాటిలో సుమారు 80 శాతం నిరపాయమైనవి. అందులో పెద్ద వాటా ప్లియోమార్ఫిక్ అడినోమా అనే కంతిది. పొగతాగే పెద్దవాళ్ళలో, ఒక్కోసారి రెండు పక్కలా వచ్చేది వార్తిన్ ట్యూమర్. అది చిన్నదై, సూది పరీక్షలో స్పష్టంగా తేలితే గమనిస్తూ ఉండటమూ ఒక దారే.

అడినోమాను మాత్రం ఉంచుకోకూడదు. ఏళ్ళు గడిచేకొద్దీ కొందరిలో క్యాన్సర్‌గా మారుతుంది. తీయడంలో తప్పు జరిగేది ఒకే చోట. దాని తొడుగు పైకి నునుపుగా కనిపిస్తుంది గానీ, సూక్ష్మదర్శినిలో చూస్తే వేళ్ళలా బయటికి పొడుచుకొచ్చిన కణాలుంటాయి. తొడుగు చీల్చి లోపలి గుజ్జు తీసినా, తొడుగును ఒరుసుకుంటూ ఒలిచినా ఆ కణాలు మిగులుతాయి. పదేళ్ళ తర్వాత ఒక గడ్డ చోట పదీ పదిహేను చిన్న గింజలుగా, పాత మచ్చంతటా మొలుస్తాయి. వాటన్నిటినీ నరం దెబ్బతినకుండా తీయడం దాదాపు అసాధ్యం. అందుకని చుట్టూ కొంత మంచి గ్రంథితో కలిపి తీయాలి, చిట్లనివ్వకూడదు.

ఆపరేషన్ జరిగే తీరు ఇలా ఉంటుంది. పూర్తి మత్తులో, చెవి ముందు మొదలై తమ్మె కిందుగా తిరిగి మెడ ముడతలోకి వెళ్ళే కోత పెడతారు. చెవి తమ్మెకు స్పర్శనిచ్చే నరాన్ని వీలైతే కాపాడతారు. కుదరకపోతే తమ్మె మొద్దుబారుతుంది, చెవిదిద్దు పెట్టుకునేటప్పుడు కొన్నాళ్ళు జాగ్రత్తగా ఉండాలి. ఆ తర్వాత ముఖనరం మొదలును వెతకడం అసలు పని. చెవి మృదులాస్థి కొన చూపే దిశలో సుమారు ఒక సెంటీమీటరు కిందకీ లోపలికీ, డైగాస్ట్రిక్ కండరం పై అంచు లోతులో నరం దొరుకుతుంది. అక్కడి నుంచి అయిదు ప్రధాన శాఖల వెంట నడుస్తూ, నరం మీదున్న గ్రంథిని గడ్డతో సహా ఎత్తుతారు. నరం జాడ చెప్పే మానిటర్ ఉంటే మేలు. అది పెట్టినప్పుడు మత్తు డాక్టరు కండరాలను ఎక్కువసేపు సడలించే మందు ఇవ్వకూడదు, ఇస్తే మానిటర్ మోగదు.

లేచాక మూతి కొంచెం వంకరపోవడం, కన్ను పూర్తిగా మూసుకోకపోవడం కొందరిలో కనిపిస్తుంది. నరం తెగకుండా కేవలం లాగుడుకు గురైతే వారాల నుంచి నెలల్లో కోలుకుంటుంది. అప్పటిదాకా పగలు కంటి చుక్కలు, రాత్రి ఆయింట్‌మెంట్ వేసి రెప్పకు టేపు అతికించాలి. ఎండిన కన్ను పుండు పడటమే ఇక్కడ నిజమైన ప్రమాదం. మొదటి రెండు వారాలు ఆవకాయ, గోంగూర, నిమ్మకాయ, చింతపండు పులుసు పక్కన పెట్టండి. పులుపు తగిలితే మిగిలిన గ్రంథి ఊరి, కుట్ల కింద లాలాజలం నిలుస్తుంది. నిలిస్తే సూదితో లాగి గట్టి కట్టు కడతారు, చాలావరకు అదే మానుతుంది. కొన్ని నెలల తర్వాత అన్నం తింటుంటే చెంప ఎర్రబడి చెమట పడితే భయపడొద్దు. లాలాజలానికి వెళ్ళాల్సిన సన్న నరాలు చెమట గ్రంథులకు అతుక్కోవడం వల్ల అలా జరుగుతుంది. ఇబ్బందిగా ఉంటే బొటాక్స్ ఇంజెక్షన్ పనిచేస్తుంది.

నాడి కొట్టే గడ్డ: కెరోటిడ్ బాడీ కంతి

దవడ మూల కింద, వేళ్ళతో పట్టుకుంటే పక్కలకు కదులుతుంది గానీ పైకీ కిందకీ కదలదు. ఈ ఒక్క గుర్తు చూడటానికి అర నిమిషం చాలు. కెరోటిడ్ నాళం రెండుగా చీలే కొమ్మ మధ్యలో ఈ కంతి కూర్చుంటుంది, స్కాన్‌లో ఆ రెండు శాఖలూ విల్లులా విడివడి కనిపిస్తాయి. దీన్ని బిళ్ళ అనుకుని చిన్న థియేటర్లో కోస్తే ఆపలేనంత రక్తం పోతుంది, పక్షవాతం రావచ్చు.

చేయాల్సిన వరుస: కాంట్రాస్ట్ సీటీ యాంజియో లేదా ఎమ్మారై, రెండు పక్కలా కలిపి. రక్తంలో లేదా 24 గంటల మూత్రంలో మెటానెఫ్రిన్ల పరీక్ష. కొన్ని కంతులు బీపీ పెంచే హార్మోన్లు విడుదల చేస్తాయి. అలాంటప్పుడు ముందు ఆల్ఫా బ్లాకర్, ఆ తర్వాతే బీటా బ్లాకర్ ఇచ్చి బీపీ కుదుటపరచాలి, వరుస తప్పితే బీపీ ప్రమాదకరంగా ఎగబాకుతుంది. ఈ కంతి కుటుంబంలో వంశపారంపర్యంగా రావచ్చు కాబట్టి, దానికి కారణమయ్యే ఎస్‌డీహెచ్ జన్యువుల పరీక్ష కూడా చేయించాలి. వాటిలో ఒకటైన ఎస్‌డీహెచ్‌డీ జన్యువు లోపం తండ్రి నుంచి వస్తే జబ్బు బయటపడుతుంది, తల్లి నుంచి వస్తే సాధారణంగా పడదు. లోపం తేలితే అన్నదమ్ములకూ అక్కచెల్లెళ్ళకూ పిల్లలకూ పరీక్ష ఉండాలి.

నాళాన్ని కంతి ఎంత చుట్టుకుందనే దాన్ని బట్టి షాంబ్లిన్ అనే డాక్టరు 1971లో మూడు తరగతులు చేశాడు. మొదటి తరగతి సులువుగా ఊడుతుంది. మూడోది నాళాన్ని పూర్తిగా కమ్మేస్తుంది, కాబట్టి నాళం ముక్క తీసి మార్చడానికి వాస్క్యులర్ (రక్తనాళాల) సర్జన్ బల్ల పక్కన ఉండాలి. పెద్ద కంతికి ఆపరేషన్‌కు ఒకటి రెండు రోజుల ముందు తొడ లేదా మణికట్టు నుంచి గొట్టం పంపి పోషక నాళాలను మూసేస్తారు. నాలుకను కదిలించే నరం, స్వరపేటిక నరం పక్కనే ఉంటాయి. గొంతు బొంగురుపోయే, నాలుక ఒక పక్కకు వాలే అవకాశం ఎంతో సమ్మతి పత్రం మీద సంతకానికి ముందే చెప్పించుకోండి. నిదానంగా పెరిగే కంతి, డెబ్బై ఏళ్ళ మనిషి అయితే ఏడాదికోసారి స్కాన్‌తో గమనించడం ఆపరేషన్ కంటే మంచిది కావచ్చు. రేడియేషన్ కూడా పెరుగుదలను ఆపగలదు. రెండు పక్కలా ఉంటే రెండూ తీయించుకోవడానికి ఒప్పుకునే ముందు బాగా ఆలోచించండి, బీపీని నిలకడగా ఉంచే ఏర్పాటు రెండు వైపులా పోతే బీపీ అదుపు తప్పుతుంది. ఈ కంతి చాలావరకు వేరే చోటికి పాకదు గానీ కొద్దిమందిలో పాకుతుంది, అందుకే జీవితాంతం ఫాలోఅప్.

ఇదే ప్రాంతంలో నరం తొడుగు కంతి, ష్వానోమా కూడా వస్తుంది. నొక్కితే దగ్గొస్తే, గొంతును కదిలించే శాఖలున్న వేగస్ నరానిదని అనుమానించాలి. ఆ నరాన్ని కోసి తీయడం కంటే తొడుగును నిలువునా చీల్చి లోపలి కంతిని తీస్తే గొంతు నిలబడే అవకాశం ఎక్కువ.

కుర్రాడి ముక్కులోంచి రక్తం

పదీ ఇరవై ఏళ్ళ మధ్య మగపిల్లవాడు, ఒక పక్క ముక్కు దిబ్బడ, కారణం లేకుండా ధారగా రక్తం. ఇది యాంజియోఫైబ్రోమా, అంటే రక్తనాళాలతో నిండిన నిరపాయ కంతి, కావచ్చు. ఓపీలో ముక్క తీయడానికి ఎవరినీ ఒప్పుకోకండి. స్కాన్ చూస్తేనే జబ్బు తేలిపోతుంది: ముక్కు వెనక పక్క రంధ్రం దగ్గర పుట్టి, చెంప గాలిగది వెనక గోడను ముందుకు నెట్టి వంచుతుంది. అదే స్కాన్ ఆడపిల్లకు వస్తే నిర్ధారణను మళ్ళీ ప్రశ్నించాలి. చెరువుల్లో స్నానం చేసేవాళ్ళలో రక్తం కారే ఎర్రటి కండ రైనోస్పోరిడియోసిస్ కూడా కావచ్చు. దాని మీద తెల్లటి చుక్కలు కనిపిస్తాయి, మొదలు కాల్చి తీస్తారు.

యాంజియోఫైబ్రోమాకు ఆపరేషన్‌కు ఒకటి నుంచి మూడు రోజుల ముందు రక్తనాళాలు మూసే ప్రక్రియ ఉంటుంది. ఆసుపత్రిలో డీఎస్ఏ యంత్రం (రక్తనాళాలను చూపే ఎక్స్‌రే యంత్రం), ఈ ప్రక్రియ చేసే రేడియాలజిస్టు ఉన్నారా అని అడగండి. లేకపోతే ఉన్నచోటికి వెళ్ళండి. రక్తం ముందే గ్రూపు సరిచూసి సిద్ధంగా పెట్టాలి, బంధువుల్లో దాతలను తేదీకి ముందే బ్లడ్ బ్యాంకుకు పంపండి. ఎక్కువ కంతులు ఇప్పుడు ఎండోస్కోపుతో ముక్కులోంచే తీయవచ్చు, ముఖం మీద కోత ఉండదు. మళ్ళీ రావడానికి ముఖ్య కారణం కపాలం అడుగు ఎముకలో దూరిన కొన మిగిలిపోవడం. ఆ ఎముకను డ్రిల్లుతో శుభ్రం చేశారా అని ఆపరేషన్ నోట్సులో చూడాలి.

ఆపరేషన్ ముందు వారం, తర్వాతి వారం

క్లోపిడోగ్రెల్, ఆస్పిరిన్, రక్తం పలచబరిచే ఇతర మందులు వాడుతుంటే పేర్లు రాసి ఇవ్వండి. ఎన్ని రోజుల ముందు ఆపాలో గుండె డాక్టరు చెప్పాలి, స్టెంట్ ఉన్నవాళ్ళు సొంతంగా ఆపకూడదు. షుగరును ముందు అదుపులోకి తెచ్చుకోండి. ఘనాహారం ఆరు గంటల ముందు, మంచినీళ్ళు రెండు గంటల ముందు మానాలి. పాలు, మజ్జిగ, టీ మంచినీళ్ళ లెక్కలోకి రావు. గుట్కా, సిగరెట్ కనీసం నాలుగు వారాలు ముందు మానితే గాయం బాగా మానుతుంది.

ఆపరేషన్ తర్వాత మెడలో సన్నటి గొట్టం (డ్రెయిన్) ఉంటుంది. అందులో వచ్చే ద్రవం 24 గంటల్లో 20-30 మిల్లీలీటర్ల లోపుకి తగ్గాక తీస్తారు. మొదటి 24 గంటల్లో మెడ బిగుసుకుని ఉబ్బుతున్నా, ఊపిరి ఆడనట్టు ఉన్నా, గొంతు ఒక్కసారిగా మారినా నర్సును వెంటనే పిలవండి. లోపల రక్తం గూడుకట్టిందని అర్థం, వార్డులోనే కుట్లు విప్పాల్సి రావచ్చు, తెల్లారాక చెబుదామని ఆగితే ఊపిరి ఆగుతుంది. డ్రెయిన్‌లో పాలలాంటి ద్రవం వచ్చినా చెప్పాలి. కుట్లు సాధారణంగా అయిదు నుంచి ఏడు రోజుల్లో తీస్తారు. దవడ లోతులో ఆపరేషన్ జరిగినవాళ్ళకు మొదటి ముద్ద నమలగానే జివ్వుమని నొప్పి రావచ్చు, నెలల్లో తగ్గుతుంది.

తీసిన ముక్క ఎంత చిన్నదైనా ఫార్మలిన్‌లో పెట్టి ల్యాబుకు పంపించాలి. "మామూలు కొవ్వే, ఎందుకు డబ్బు దండగ" అంటే ఒప్పుకోకండి. రిపోర్టు వారం పది రోజుల్లో వస్తుంది. రిపోర్టుతో పాటు స్లయిడ్లు, తీసిన ముక్కను పొదిగి ఉంచిన మైనపు బ్లాకులు ఎక్కడున్నాయో కనుక్కుని, నంబరు ఫైల్లో రాసుకోండి. పేరు మారితే, ఉదాహరణకు అడినోమా అన్నది క్యాన్సర్ అని తేలితే, మరో ల్యాబులో చూపించడానికి ఆ బ్లాకులే ఆధారం.

ఫాలోఅప్ గడ్డను బట్టి మారుతుంది. థైరోగ్లాసల్, బ్రాంకియల్ తిత్తులకు గాయం మానాక ఏడాది పాటు గమనిస్తే సరిపోతుంది. పరోటిడ్ అడినోమా చాలా ఆలస్యంగా తిరిగొస్తుంది కాబట్టి పదేళ్ళు దాటినా ఏటా చేతితో చూసుకుని, సందేహం ఉంటే అల్ట్రాసౌండ్ చేయించాలి. యాంజియోఫైబ్రోమా మొదటి రెండేళ్ళలో ఎక్కువగా తిరిగొస్తుంది. మొదటి కాంట్రాస్ట్ ఎమ్మారై మూడు నుంచి ఆరు నెలల్లోపు, ఆ తర్వాత డాక్టరు చెప్పిన వ్యవధిలో తీయించండి, కుర్రాడి చదువు వేరే ఊరికి మారినా ఆ తేదీలు తప్పనివ్వకండి.